ఇంటి నీరు - చేని నీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున నీటిని గూర్చి ఉపన్యాస మేమని కొందరికి తోచవచ్చును. పుస్తకమునకు నీరు పగ కదా! కాని మన దేశమున నీరే పుస్తకములను మోసిన దినములు కలవు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. కాలువ గట్టున నున్న గ్రామములవారు పడవ వచ్చినప్పుడు వెనుకటి పుస్తకము నిచ్చి క్రొత్త పుస్తకమును తీసికొనిపోయెడివారు. ఆ కాలువ నీరే వరిమడికి పారినది. ఆ నీరే బిందెలతో ఇంటికి వచ్చినది. గేదెలు అందులోనే దిగినవి, చాకలి రేవు అక్కడనే యున్నది, ధాన్యపు పడవలు దానిమీదనే సాగినవి. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను, గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను ముగిసినవి. కట్టించిన దొరలు వానిని పొలములకని, పడవలకని లెక్కలు వ్రాసికొనిరి. ప్రజలు మాత్రము నీరు వచ్చిన మరునాటినుండి తమ సమస్త జీవనమునకు దానిని వాడుకొనిరి. నేటికిని డెల్టా గ్రామములలో వేసవికి కాలువలు కట్టివేయుటకు ముందు మంచినీటి చెరువులను నింపికొనుట ఆచారము. చేని కాలువయే ఇంటి చెరువును నింపుచున్నది.

మీది డెల్టా గాదు, మెట్ట. కాలువలు లేవు, చెరువున్నది. అయినను సంగతి యొక్కటే. పల్లెలో నీటికి ఒక్క పని యుండదు. తెల్లవారి లేచిన ఇల్లాలు కల్లాపి చల్లును, వంటకు తోడుకొనును, దూడకు కుడితి కలుపును, పెరటిలోని సొరపాదుకు చెంబెడు పోయును. ఇందులో ఏది ఇంటి వాడుక, ఏది ఆదాయపు వాడుక యని ఆమె నడిగినచో నవ్వును. ఆ పాలు అమ్మకమునకు పోవును గనుక కుడితిలోని నీరు వ్యాపారపు నీరా? సాలెవాని ఇంట పడుగు తడుపుటకు, రంగుల కుండలకు వాడిన నీరు ఏ పద్దులో వ్రాయవలెను? కుమ్మరి మట్టి తడిపిన నీరో? ఈ విభజన పల్లెలో పుట్టలేదు, కచ్చేరీలలో పుట్టినది.

ఉద్యోగరీత్యా చాలకాలము గ్రామముల నీటి పనుల వెంట తిరిగినవాడను గనుక ఆ విభజన యెట్లు పనిచేయునో కొంత ఎరుగుదును. మన యొక్క గ్రామపు నీటికి నేడు ఎందరు యజమానులో లెక్కించి చూడుడు. చెరువు నీటిపారుదల శాఖవారిది, దానికి రైతుల నీటి వినియోగదారుల సంఘము. కుళాయి గ్రామీణ నీటి సరఫరా శాఖవారిది, దానికి పంచాయతీ, పంచాయతీ క్రింద నీటి సంఘము. చెరువులోని చేప మత్స్యశాఖ లెక్కలోనిది, దానిని పట్టువారికి వేరొక సహకార సంఘము. పొలములలోని బోరు ఎవరి బోరు వారిదే, దానికి కరెంటు కచ్చేరి తప్ప అడుగువారు లేరు. నలుగురు యజమానులును నలుగురు దొడ్డవారే కావచ్చును. కాని నలుగురును ఒక్క బల్లయొద్ద కూర్చుండగా నేను చూచిన తావులు చాల తక్కువ.

కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువొకటి కలదు. 1369లో, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు దానిని కట్టించి శాసనము వ్రాయించెను. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పట్టినదని అందు వ్రాసియున్నది. ఆ శాసనము మన ఇంజనీర్లందరును చదువదగినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు తగులు ఆరు దోషములను అందులో చెప్పిరి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. చవిటినేల ఒక దోషము. నడుమ మెరక యుండుట ఒకటి. నీరు కొంచెము, తడుపవలసిన నేల విస్తారము, ఇది మరియొకటి. నేల కొంచెమై నీరు మిక్కుటమగుటయు దోషమే. ఇక ఆరవది వినుడు: రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట! ఆరువందల యేండ్లకు పూర్వము దానిని దోషమని ఎందుకనిరి? సరిహద్దున నున్న చెరువు గండిపడిన నాడు ఈ రాజు ఆ రాజు వంక చూచును, ఆ రాజు ఈ రాజు వంక చూచును. నేడు రాజులు లేరు, శాఖలున్నవి. మన ప్రతి చెరువును నాలుగు రాజ్యముల సరిహద్దున నున్నది.

ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. రెండు సంఘముల సంగతి కొంచెము విప్పి చెప్పెదను. 1997లో ఆంధ్రప్రదేశమున నీటిపారుదల వ్యవస్థలను రైతులే నిర్వహించునట్లు చట్టము వచ్చెను. మంచి చట్టమే. దానివలన నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. ఆ సంఘమునకు ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి గలవారికి. గొఱ్ఱెల కాపరి చెరువు నీటిని వినియోగించుటలేదా? చాకలి వినియోగించుటలేదా? వల వేయువాడు వినియోగించుటలేదా? వినియోగించుచున్నారు. కాని ఓటు లేదు. పట్టా మగనిపేర నున్నంతకాలము ఇల్లాలికిని లేదు. అటుపిమ్మట 2019లో కేంద్ర ప్రభుత్వము జలజీవన మిషను నారంభించి, ఇంటింటికి కుళాయి, మనిషికి దినమునకు 55 లీటర్లు అని నియమము పెట్టెను. దానికి గ్రామమున పది పదిహేనుమంది సభ్యులతో సంఘముండవలెననియు, అందులో సగము మంది స్త్రీ లుండవలెననియు నిబంధన చేసిరి. అదియు మంచిదే. ఇప్పుడు చూడుడు: పొలము నీటికి ఒక సంఘము, అందులో భూస్వాములు. ఇంటి నీటికి ఒక సంఘము, అందులో సగము స్త్రీలు. నీరు మాత్రము ఒక్కటే చెరువుది, ఒక్కటే భూగర్భముది. మగడు ఒక సంఘములో కూర్చుండి రబీకి తూము తీయుటకు తీర్మానించును. ఆ తీర్మానమువలన చెరువు క్రింది బావి చైత్రమాసమున ఎండును. భార్య రెండవ సంఘములో కూర్చుండి కుళాయి రాకుండుటకు కారణమేమని పంచాయతీ నడుగును. ఇద్దరును రాత్రికి ఒక్క యింటనే భోజనము చేయుదురు.

ఇంటికి కావలసిన నీరు ఎంత, పొలమునకు కావలసిన నీరు ఎంత? ఈ లెక్క తెలిసినచో సగము తగవులు తీరును. విద్యార్థులు కాగితముపై వేసికొనవచ్చును.

ఒక యెకరము పొలముపై ఒక అంగుళము లోతున నీరు నిలిపినచో అది సుమారు 1,02,800 లీటర్లు. రెండువేల జనాభా గల గ్రామమునకు మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు కావలసినది 1,10,000 లీటర్లు. అనగా ఊరంతయు ఒక దినము త్రాగి, వండి, స్నానము చేసి, బట్టలుతికికొన్న నీరు ఒక్క యెకరమునకు ఒక్క అంగుళపు తడి కంటె కొంచెము హెచ్చు, అంతే. వరికి నాటు మొదలు కోతవరకు నాలుగడుగుల నీరనుకొందము. నేలను బట్టి హెచ్చుతగ్గులుండును. ఎకరమునకు సుమారు 49 లక్షల లీటర్లాయెను. ఊరి యేడాది వాడుక సుమారు 4 కోట్ల లీటర్లు. భాగించి చూడుడు. రెండువేల ప్రజల సంవత్సరపు ఇంటి వాడుక ఎనిమిది యెకరముల వరితో సమానము!

పశువులను మరచితిమి. నియమములు వ్రాయువారును తరచుగా వానిని మరతురు. 55 లీటర్లలో గేదెకు వాటా లేదు. వెనుక మనిషికి 40 లీటర్ల నియమమున్న దినములలో, ఎడారి అభివృద్ధి పథకము అమలైన ప్రాంతములకు మాత్రము పశువులకై మరి 30 లీటర్లు కలిపిరి. మన అనంతపురము జిల్లా ఆ పథకములోనిదే. తక్కిన గ్రామముల పశువులకు దాహము లేదని కాబోలు! సరే, మూడువందల ఆవులు గేదెలకు తలకు 60 లీటర్లు, వేయి గొఱ్ఱెలు మేకలకు తలకు 5 లీటర్లు అనుకొన్నను, దినమునకు 23,000 లీటర్లు. సంవత్సరమునకు రెండెకరముల వరికి కూడ చాలదు. కావున మనుష్యులును పశువులును కలిసి త్రాగు నీరు పదియెకరముల వరి నీరు. వందల యెకరముల ఆయకట్టు గల చెరువు క్రింద పదియెకరముల నీటిని ఇంటికని ముందుగా తీసి ప్రక్కన పెట్టుటకు ఏ రైతు కాదనును? నేనడిగిన తావులలో ఎవరును కాదనలేదు. ఎవరును అంతకు ముందు అడుగలేదు, అంతే.

మరి నీరింత కొంచెమే చాలునప్పుడు వేసవిలో ట్యాంకరు లారీ చుట్టు బిందెల యుద్ధ మేల జరుగును? నీటి పరిమాణమువలన కాదు, అది యున్న తావువలనను కాలమువలనను. మనది రాతినేల. ఇసుక భూములవలె ఇక్కడ నేలలో నీరు విస్తారముగా నిలువదు. పైని మెత్తబడిన రాతిపొరలోను, క్రింద బీటలలోను నిలుచును. ఆ బీటలు ఒకదానితో నొకటి కలిసియుండును. ఊరి మంచినీటి బోరునకు నూరు గజముల దూరములో మాఘమాసమున వరి నాటి, రాత్రి కరెంటు వచ్చినంతసేపు నాలుగు మోటార్లు ఆడించినచో ఊరిబోరు నీటిమట్టము దిగిపోవును. పైరు కోతకు రాకముందే కుళాయి ఆగును. రైతు దుర్మార్గుడు కాడు. అతని బోరు అప్పుచేసి వేసినది, పైరు పెట్టుబడి పెట్టినది. 2004 నుండి వ్యవసాయపు కరెంటు ఉచితమైన పిమ్మట మోటారు ఆపుటకు అతనికి కారణమును లేకపోయెను.

దీనికి చట్టము లేకపోలేదు. 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ప్రజల మంచినీటి బావికి 250 మీటర్ల లోపల వేరొకరు బావిగాని బోరుగాని అనుమతి లేక త్రవ్వరాదు. ఇరువది సంవత్సరములు దాటినది. ఆ 250 మీటర్లను తాడుతో కొలిచి హద్దురాళ్ళు పాతిన గ్రామమును నేను చూడలేదు. ఈ యూరివారు పాతినచో చూచుటకు మరల వచ్చెదను. బోర్లు లోతైన కొలది మరియొక కష్టమున్నది. రాతి లోతులలోని నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండుట మన జిల్లాల ననేకములలో కలదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ సంగతి మీరందరు విన్నదే. చెరువు నిండి, పైపొరలోని బావులు ఊరుచున్నంతకాలము అంత లోతునకు పోవలసిన పనియే యుండదు. కనుక చెరువు నిండుట పొలమున కెంత యవసరమో ఇంటి బిందెకును అంతే యవసరము. 2015లో తెలంగాణములో చెరువుల పూడిక తీయు పనిని 46 వేలకు పైబడిన చెరువులకు తలపెట్టిరి. మరుసటి యేడు ఇంటింటికి నదీజలముల నిచ్చు భగీరథ పథకము నారంభించి పల్లెలో మనిషికి 100 లీటర్లను లక్ష్యముగా పెట్టుకొనిరి. రెండును గొప్ప పనులు. కాని దూరపు నది నీరు గొట్టములో వచ్చుచున్నదని ఊరి చెరువును మరచినచో, గొట్టము పగిలిన నాడు దాహము తీర్చునది యేది?

కుళాయి తలలు విరుగగొట్టుట, గొట్టమునకు చిన్న మోటారు తగిలించి లాగుట, రాత్రివేళ కుళాయినుండి పెరటి తోటకు రబ్బరు గొట్టము వేయుట, వీనిని దొంగతనమని వ్రాసిన నివేదికలు చాల చదివితిని. కొన్ని నిశ్చయముగా దొంగతనములే, పొరుగువాని వాటాను లాగుకొన్నవాడు దొంగయే. కాని పాడిగేదె నమ్ముకొని బ్రతుకు విధవరాలు కుళాయి దగ్గర గేదెకు నీరు పట్టినచో దానిని దొంగతనమనుటకు నాకు నోరు రాదు. ఆమె అవసరమును లెక్కలో వేయక గొట్టము వేసినవారిది లోపము. కుళాయి స్తంభమునకు పది గజముల దూరమున సిమెంటు తొట్టి యొకటి కట్టి, బిందెలనుండి పొర్లిన నీరు దానిలో పడునట్లు చేసినచో వ్యయమెంత? కుళాయి చుట్టు బురదయు తగ్గును, దోమలును తగ్గును, గేదెయు త్రాగును.

ఇల్లు మొదట, పశువు తరువాత, పైరు ఆ తరువాత. ఈ వరుస అందరి నోటను వినబడును. 1987నాటి జాతీయ జలవిధానములోను త్రాగునీటికే మొదటి స్థానమిచ్చిరి. కాగితముపై నున్న వరుస కాలువలోనికి దిగుటయే కష్టము. దీనికి నేపాలు దేశపు కొండ గ్రామములలో ఒక చక్కని యుపాయము చేసిరి. 2003 తరువాత పాల్పా, స్యాంగ్జా మొదలగు జిల్లాలలో, కొండ ఊటనుండి గొట్టముతో నీరు తెచ్చి రెండు తొట్లు కట్టిరి. ఊట నీరు మొదట ఇంటి కుళాయిల తొట్టిలో పడును. అది నిండిన పిమ్మట పొర్లినది మాత్రము రెండవ తొట్టిలోనికి పోవును. ఆ రెండవ తొట్టినుండి బొట్టుబొట్టుగా కూరగాయల మడులకు పారింతురు. ఊట తగ్గిన నాడు మడులకు నీరు తానే ఆగును, ఇంటి కుళాయికి ఆగదు. కావలివాడు లేడు, జరిమానా లేదు, తగవు లేదు. వరుసను గోడ కట్టిన మేస్త్రియే గోడలో వ్రాసిపెట్టినాడు. చిన్న చిన్న మడులలో టమాటా, కోసు, కాలిఫ్లవరు పండించి స్త్రీలు చేతిలో నాలుగు డబ్బులు చూచికొనుచున్నారు. ఆ డబ్బులలోనుండియే తొట్టి మరమ్మతునకు చందా ఇత్తురు.

అటువంటి యుపాయము మన చెరువులకును కలదు, క్రొత్తది గాదు. తూము గడపకు క్రిందనున్న నీరు పొలమునకు పారదు. పూడిక తీయునప్పుడు చెరువు గర్భమంతయు పైపైని గీకుటకు మారు, పశువులు దిగుటకు వీలుగా ఒకచోట ఏటవాలుగా తీసి తూము గడపకన్న నాలుగైదడుగులు లోతు చేసినచో ఆ నీరు పశువులకును, చేపలకును, చాకలి రేవునకును మిగులును. ఎంత ఆశగల రైతైనను తూము తీసి దానిని పారించుకొనలేడు. వెడల్పు తక్కువగా, లోతు హెచ్చుగా త్రవ్వవలెను. మన ఎండలకు చెరువు నీరు ఏడాదికి సుమారు ఆరడుగులు ఆవిరియై పోవును గనుక, పలుచగా పరచిన నీరు ఆకాశమున కర్పణము. చేపల గుత్త తీసికొన్నవారికిని ఆయకట్టు రైతులకును ప్రతియేట జరుగు కొట్లాట కూడ, కొట్లాడుటకు నీరెంత మిగులునో ముందే తెలియుటవలన, కొంత చల్లారును. అయితే మోటారు పెట్టి ఆ గుంట నీటిని తోడువా డుండును. వానిని ఊరు చూచుకొనవలెను, మేస్త్రి వశము గాదు.

పూర్వము ఊరు చూచుకొన్నది. నీరుగంటి యనువాడు ఊరి చేతిలోని మనిషి. తూము తీయుట, మూయుట, మడిమడికి తడి వంతు చూచుట అతని పని. ప్రతి రైతును కళ్ళములో అతనికి ధాన్యము కొలిచెడివాడు. రాయలసీమలో దశబంధ మాన్యములుండెను. చెరువు కట్టినవారికో, మరమ్మతు చేయువారికో ఆదాయములో పదవ వంతు చెందునట్లు నేల నిచ్చెడివారు. నీరు తక్కువైన యేట కొన్ని తావులలో దామాషా పద్ధతి నడచినది: అందరును కలిసి తూమునకు దగ్గరనున్న కొద్ది నేలను మాత్రమే సాగుచేసి, దూరపు పొలమువానికిని అందులో వంతు పంచెడివారు. ఆనాటి దంతయు స్వర్ణయుగమని నేననను. నీరుగంటి తడి పారించును గాని, ఊరి బావిలో బిందె ముంచుటకు కులముచే దూరముగా నిలుపబడినవారిలో అతని బంధువులును ఉండెడివారు. ఆ భాగము మనకు వలదు. ఆ కాలపువారు ఎరిగిన ఒక్క విషయము మాత్రము తీసికొందము. నీటివలన ఆదాయము వచ్చువాడు ఆ ఆదాయములో ఒక వంతు నీటి యొద్దకే తిరిగి తేవలెను.

నేడు ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారు కాలినచో పంచాయతీలో పైకముండదు. ఇంటి పన్నుతో, కుళాయి రుసుముతో అది చాలదు. బీదవానిని ఇంకను అడుగుటకు మనసొప్పదు. కాని అదే నీటితో పాలకేంద్రము నడచుచున్నది, ఇటుకల బట్టీ నడచుచున్నది, చెరువు చేప గుత్తకు పోవుచున్నది, కట్టమీది చింతచెట్లకు పాట జరుగుచున్నది. నీటితో సంపాదించువారి వాడుకను చాటున సాగనీయక బహిరంగముగా ఒప్పుకొని, కొలిచి యిచ్చి, దానికి వెల తీసికొన్నచో బిందె నీటి కుళాయి మరమ్మతు ఆ పైకముతో సాగును. వ్యాపారపు వాడుకను నిషేధించిన గ్రామములో ఆ వాడుక ఆగలేదు, పైకము మాత్రమే రాలేదు.

ఇక గ్రంథాలయము పని. 2003 నుండి కొన్ని సంవత్సరములపాటు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరు, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలుచు ఒక యుద్యమము నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడెను. అందులో స్త్రీలు, పురుషులు వానను కొలిచిరి, బోరులలో నీటిమట్టమును కొలిచిరి, పంపు నుండి నిమిషమునకు ఎన్ని లీటర్లు పడునో కొలిచిరి. రబీకి ముందు ఊరందరును కూడి, నేలలో చేరిన నీరెంత, ఎవరెవరు ఏయే పైరు వేయనెంచిరి, దానికి పట్టునదెంత యని గోడమీద వ్రాసిరి. ఎవరిని ఎవరును శాసింపలేదు. లెక్క చూచిన రైతులు చాలమంది తమంతట తామే వరిని తగ్గించి వేరుసెనగ, కూరగాయలు, పప్పుధాన్యముల వైపు తిరిగిరి. మహారాష్ట్రములోని హివరే బజారు గ్రామమువారును ప్రతియేట ఇట్టి నీటి లెక్కనే గ్రామసభలో చదివి, ఇంటికి పశువులకు పోగా మిగిలినదానిని బట్టి పైర్లను నిర్ణయించుకొనుచున్నారు. చెఱకు వంటి పైర్లకు అక్కడ తావీయలేదు.

ఈ లెక్కలు వ్రాయు పుస్తకము ఎక్కడ ఉండవలెను? రైతు సంఘపు అధ్యక్షుని ఇంట ఉన్నచో కుళాయి సంఘపు స్త్రీలు చూడరు. పంచాయతీ కచ్చేరిలో ఉన్నచో తాళము పడియుండును. అందరును నిరాటంకముగా అడుగుపెట్టు తావు ఊరిలో ఒక్కటే, మనము కూర్చున్నది. వార్తాపత్రికలకై సాయంకాలము వచ్చువారు, పాఠ్యపుస్తకములకై వచ్చు బాలురు, కథల పుస్తకములు తీసికొనిపోవు ఆడపడుచులు, అందరును ఈ గదిలోనికి వత్తురు. కావున నా విన్నప మిది. ఒక గట్టి అట్ట రిజిస్టరును ఈ బల్లమీద పత్రికల ప్రక్కన ఉంచుడు. ఆవరణలో వానమాని యొకటి పెట్టుడు. హైస్కూలు పిల్లలు ప్రతి ఉదయము వాన మిల్లీమీటర్లు వ్రాయుదురు. చెరువు తూమునొద్ద అడుగుల గీతలు గల రాయి యొకటి నిలిపి వారమునకొకసారి మట్టము వ్రాయవలెను. ఊరి మంచినీటి బావి, దానిచుట్టునున్న నాలుగైదు రైతు బావులు, వీని నీటిమట్టము పదునైదు దినములకొకసారి. దీనికి యంత్రము అక్కరలేదు. అడుగునకొక ముడి వేసిన తాడు, చివర బరువునకొక ఇనుప ముక్క చాలును. బోరునకు మాత్రము వేరే కొలమాన పరికరము కావలెను, అది మండల కచ్చేరిలో అడిగి తెచ్చుకొనవచ్చును.

కార్తికమాసములో, చెరువునకు రావలసిన నీరు వచ్చిన పిమ్మట, రబీకి విత్తనములు కొనకముందు, రెండు సంఘములవారును, చేపలవారును, గొఱ్ఱెల కాపరులును, చాకలి, కుమ్మరి, సాలె వృత్తులవారును ఈ గదిలో కూడవలెను. స్థలము చాలనిచో అరుగు మీద కూడుడు. మొదట ఇంటికి, పశువులకు ఆషాఢమువరకు కావలసిన నీరెంతో రిజిస్టరు చూచి వ్రాసికొని, చెరువు రాతిమీద ఆ మట్టమునకు ఎఱ్ఱగీత గీయుడు. గీతకు పైని నీటిని ఎట్లు పంచుకొందురో రైతులు తేల్చుకొందురు గాక, అందులో నేను జోక్యము చేసికొనను. ఎఱ్ఱగీత దగ్గరకు నీరు వచ్చిన నాడు తూము తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనన్నది మాత్రము ఆ దినముననే పేరు పెట్టి వ్రాసికొనుడు. కుళాయి సంఘములోని ఒక స్త్రీయొద్ద నుండవలెనని నా అభిప్రాయము. కాదని వాదించువారున్నచో ఉపన్యాసము ముగిసిన పిమ్మట అరుగు మీద వారి వాదమును వినుటకు సిద్ధముగా నున్నాను.

ముడుల తాడొకటి వెంట తెచ్చితిని, నలువది అడుగులది. మీ మంచినీటి బావికి చాలునో చాలదో రేపు ఉదయము కొలిచి మొదటి పుటలో వ్రాయవచ్చును.